జోయెట్రోప్: చీలిక పోయి మెరుపు వచ్చిన చరిత్ర

జోయెట్రోప్ తిరిగే బొమ్మల యంత్రం. పైన మూత లేని గుండ్రటి డబ్బా లోపలి గోడకు వరసగా బొమ్మలుంటాయి. ప్రతి బొమ్మకూ దాని ముందు బొమ్మకూ కొద్దిపాటి తేడా ఉంటుంది. డబ్బా గోడలో నిలువుగా కోసిన సన్నని చీలికల్లోంచి చూస్తూ దాన్ని తిప్పితే, వరసలోని బొమ్మలన్నీ కలిసి ఒకే బొమ్మ గెంతుతున్నట్టో పరుగెడుతున్నట్టో కనిపిస్తుంది. ఈ కాలపు జోయెట్రోప్‌కు చాలాసార్లు డబ్బా ఉండదు, చీలికలూ ఉండవు. మోటారుతో తిరిగే పళ్లెం మీద త్రీడీ ప్రింటర్‌లో తయారైన బొమ్మలు నిలబడి ఉంటాయి. చీకటి గదిలో స్ట్రోబ్ దీపం సెకనుకు 12 సార్లో 18 సార్లో మెరుస్తుంది. ఆ మెరుపుల్లోనే బొమ్మలు కదులుతాయి.

రూపం ఎంత మారినా యంత్రానికి కావలసినవి రెండే. ఒకటి, ఎడతెగని చూపును ముక్కలుగా కోసే ఏర్పాటు. రెండు, కొద్దికొద్ది తేడాలున్న బొమ్మల వరస. మొదటి అవసరాన్ని 19వ శతాబ్దం ముగియకముందే విద్యుత్తు తీర్చింది. రెండోది మాత్రం, ముఖ్యంగా త్రీడీ బొమ్మల విషయంలో, 21వ శతాబ్దం దాకా చేతిపనిగానే మిగిలిపోయింది. జోయెట్రోప్ ఒకప్పుడు మరుగునపడటానికీ మళ్లీ వెలుగులోకి రావటానికీ కారణం ఈ రెండు అవసరాలు వేర్వేరు కాలాల్లో తీరటమే.

చక్రపు ఆకులతో మొదలు

ఈ యంత్రం పుట్టుక వినోదంలో లేదు, కంటి భ్రమలపై శాస్త్రజ్ఞుల ఆసక్తిలో ఉంది. నిలువు కమ్మీల సందుల్లోంచి చూస్తే బండి చక్రపు ఆకులు వంగినట్టు ఎందుకు కనిపిస్తాయో వివరిస్తూ లండన్ వైద్యుడు పీటర్ మార్క్ రోజెట్ 1824లో ఒక పత్రం సమర్పించాడు. ఒకదాని వెనక ఒకటి ఉంచిన పళ్ల చక్రాలను ఎదురెదురు దిశల్లో తిప్పితే, కలిసి కనిపించే పళ్లు కదలకుండా నిలిచినట్టుంటాయని మైకేల్ ఫారడే 1831లో ప్రచురించాడు. కదిలే వస్తువును అడపాదడపా మాత్రమే చూడనిస్తే కన్ను దాన్ని వేరే విధంగా గ్రహిస్తుందని ఈ పరిశీలనలు తేల్చాయి.

దీన్ని బొమ్మలకు అన్వయించినవారు ఇద్దరు. బెల్జియం భౌతిక శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్లాతో, వియన్నాలోని ఆచార్యుడు సైమన్ స్టాంఫర్ 1832 చివర్లో ఒకరికొకరు తెలియకుండానే ఒకే పరికరాన్ని రూపొందించారు. గుండ్రటి అట్ట చుట్టూ బొమ్మలు, వాటి మధ్య చీలికలు. అట్టను అద్దం ముందు తిప్పుతూ వెనక నుంచి చీలికల్లోంచి అద్దంలోకి చూడాలి. ప్లాతో పరికరానికి ఫెనకిస్టిస్కోప్ అన్న పేరు స్థిరపడింది. దాని లోపం ఏమిటంటే ఒక్కసారికి ఒక్కరే చూడగలరు, పైగా అద్దం తప్పనిసరి.

ఆ లోపాన్ని ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరానికి చెందిన విలియం జార్జ్ హార్నర్ సరిచేశాడు. బీజగణిత సమీకరణాలను సాధించే పద్ధతితో గణిత విద్యార్థులకు పరిచితుడైన హార్నర్ ఇతడే. అట్టకు బదులు డబ్బాను వాడుతూ, దాని గోడలో చీలికలు కోసి, చీలికకు చీలికకు మధ్య బొమ్మలుంచే పరికరాన్ని అతడు 1834లో డేడేలియం పేరుతో వర్ణించాడు. అద్దం అవసరం తప్పింది. చుట్టూ కూర్చున్న నలుగురూ ఒకేసారి చూసే వీలు కలిగింది. అయినా ఆ తరవాత మూడు దశాబ్దాల పాటు అది అమ్మకపు సరుకు కాలేదు.

అంగడిలోకి వచ్చిన ఆటవస్తువు

జోయెట్రోప్ ఇంటింటి ఆటవస్తువైంది అమెరికాలో. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ వాసి విలియం లింకన్‌కు 1867 ఏప్రిల్ 23న ఈ పరికరంపై పేటెంటు దక్కింది. మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆటవస్తువులు తయారుచేసే మిల్టన్ బ్రాడ్లీ దాన్ని అమ్మకానికి పెట్టాడు. చూపుకి చిన్నదే అయినా ఇందులోని మార్పు వ్యాపారానికి కీలకమైంది. చీలికలు బొమ్మల మధ్య నుంచి డబ్బా పైభాగానికి చేరాయి. దాంతో బొమ్మలను పొడవాటి కాగితపు పట్టీ మీద అచ్చువేసి డబ్బాలో అడుగున చుట్టి పెడితే సరిపోయింది. డబ్బా ఒకసారి కొంటే చాలు, పట్టీలు ఎన్నయినా మార్చుకోవచ్చు. అచ్చు యంత్రం బొమ్మల వరసను చవక చేసింది.

అప్పటి డబ్బాలకు చీలికలు ఎక్కువగా 13 ఉండేవి. పట్టీ మీద కూడా 13 బొమ్మలుంటే ఆ బొమ్మ ఉన్నచోటే గెంతుతుంది. బొమ్మల సంఖ్య చీలికల సంఖ్యకు ఒకటి అటో ఇటో అయితే, గెంతుతూనే వరస మొత్తం ఒక పక్కకు జరిగిపోతున్నట్టు కనిపిస్తుంది. పరుగెత్తే గుర్రాన్ని నిజంగానే ముందుకు పోయేలా చూపించటానికి పట్టీల చిత్రకారులు ఈ తేడాను కావాలనే వాడుకున్నారు.

చీలిక వల్ల రెండు నష్టాలున్నాయి. మొదటిది వెలుతురు. 30 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న డబ్బాకు 3 మిల్లీమీటర్ల చీలికలు 13 ఉంటే, 94 సెంటీమీటర్ల చుట్టుకొలతలో తెరిచి ఉన్న భాగం 4 సెంటీమీటర్ల లోపే. అంటే వెలుతురులో 100 పాళ్లకు 4 పాళ్లే కంటికి చేరతాయి. చీలికను వెడల్పు చేస్తే వెలుతురు పెరుగుతుంది కానీ బొమ్మ అలుక్కుపోతుంది. రెండో నష్టం ఆకారానిది. కంటి ముందున్న చీలిక ఒకవైపు కదులుతుంటే, ఎదుటి గోడకున్న బొమ్మ దానికి ఎదురుగా కదులుతుంది. అందువల్ల బొమ్మ అడ్డంగా నొక్కినట్టు సన్నగా కనిపిస్తుంది. చూపును కోయటం అంటే వెలుతురునూ కోసుకోవటమే. జోయెట్రోప్‌ను మెరుగుపరచాలని తలపెట్టిన ప్రతివారూ తలపడింది ఈ చిక్కుతోనే.

జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1868లో చీలికలను తీసేసి వాటి స్థానంలో పుటాకార కటకాలు అమర్చాడు. కటకం నాభ్యంతరం డబ్బా అడ్డకొలతకు సమానంగా ఉండటంతో, ఎదుటి గోడమీది బొమ్మ ప్రతిబింబం సరిగ్గా డబ్బా ఇరుసు దగ్గర ఏర్పడుతుంది. డబ్బా ఎంత తిరిగినా ఇరుసు కదలదు కాబట్టి ప్రతిబింబమూ నిలకడగా ఉంటుంది. వెలుతురు వృథా కాదు, బొమ్మ సన్నబడదు. ద్రవాల్లో వలయాకారపు సుడులు ఒకదానిలోంచి ఒకటి ఎలా దూరి వెళ్తాయో చూపే పట్టీలను అతడు దీనికోసం గీశాడు. ఫ్రాన్సులో ఎమిల్ రేనో 1877లో పేటెంటు పొందిన ప్రాక్సినోస్కోప్‌లో కటకాలకు బదులు డబ్బా నడిమధ్యన అద్దాల వలయం ఉంటుంది. ప్రతిబింబాన్ని ఇరుసు దగ్గర నిలపటం దానిలోనూ సూత్రమే. రేనో ఆ యంత్రాన్నే పెద్దదిగా మలచి, 1892 అక్టోబరు 28 నుంచి పారిస్‌లోని గ్రెవాన్ మ్యూజియంలో తెరమీద బొమ్మల ప్రదర్శనలిచ్చాడు.

ఫొటో, శిల్పం, మెరుపు

1870ల చివరిదాకా జోయెట్రోప్ బొమ్మలన్నీ చిత్రకారుడి ఊహలే. పరుగెత్తే గుర్రం కాళ్లు ఏ క్షణంలో ఎక్కడుంటాయో ఎవరూ చూసి గీసింది కాదు. కాలిఫోర్నియాలో 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరస కెమెరాలతో గుర్రపు పరుగును ఫొటోలు తీశాక, ఆ దశలే పట్టీలకెక్కాయి. కదలికను ఊహించి గీసే శ్రమను కెమెరా తీసుకుంది.

ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే మరో అడుగు ముందుకేశాడు. ఎగిరే సీగల్ పక్షిని పలు కోణాల నుంచి ఫొటోలు తీసి, ఆ ఫొటోల ఆధారంగా రెక్కల ఒక్కో దశకు ఒక్కో శిల్పం చేయించి, 1887లో వాటన్నిటినీ పెద్ద జోయెట్రోప్‌లో వలయంగా నిలిపాడు. డబ్బా తిప్పితే పక్షి నిండైన ఆకారంతో రెక్కలు కొట్టుకుంటుంది. ఈ కాలపు త్రీడీ జోయెట్రోప్‌కు ఇదే పూర్వరూపం. కాని ఒకే పక్షిని మళ్లీ మళ్లీ, ప్రతిసారీ రెక్క కొంచెం మార్చి, మిగతా ఒళ్లు ఇసుమంతైనా మారకుండా శిల్పించటం ఎంత కష్టమంటే, ఆ పద్ధతి మారే ప్రయోగశాల దాటి వ్యాపించలేదు.

చూపును కోసే సమస్యకు శాశ్వత పరిష్కారం కూడా 1887లోనే కనిపించింది. ప్రష్యాకు చెందిన ఫొటోగ్రాఫర్ ఒట్టోమార్ ఆన్‌షుట్జ్ గాజు ఫొటోలను పెద్ద చక్రం అంచున అమర్చి తిప్పాడు. ఒక్కో ఫొటో చిన్న కిటికీ ఎదుటికి వచ్చిన క్షణంలో వెనకనున్న గైస్లర్ గొట్టం విద్యుత్తుతో ఒక్కసారి మెరిసి ఆరిపోయేది. చక్రం ఆగదు, చీలిక అడ్డురాదు. మెరుపు ఎంత తక్కువసేపు ఉంటే బొమ్మ అంత స్పష్టంగా నిలుస్తుంది. తరవాత సీమెన్స్ అండ్ హాల్స్కె సంస్థ నాణెం వేసి చూసే రకాన్ని తయారుచేసింది. చీలిక కాంతిని అడ్డుకుని చూపును కోస్తే, మెరుపు కాంతినే ముక్కలుగా పుట్టించింది. మోటారు, స్ట్రోబ్ దీపం ఉన్న నేటి యంత్రపు సగం భాగం ఇక్కడ సిద్ధమైంది.

ఆ సగం కొంతకాలానికి వినోదరంగాన్ని వదిలి కర్మాగారాలకు వెళ్లింది. లూమియేర్ సోదరులు 1895లో తెరమీద సినిమా చూపాక బొమ్మల డబ్బాలు పిల్లల ఆటవస్తువులుగా మిగిలాయి. మెరిసే దీపం మాత్రం తిరిగే యంత్రాలను పరీక్షించే సాధనమైంది. అమెరికాలోని ఎంఐటీలో విద్యుత్ మోటార్ల తీరును పరిశోధిస్తూ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1931లో ఎలక్ట్రానిక్ స్ట్రోబోస్కోప్‌ను తీర్చిదిద్దాడు. మోటారు తిరిగే వేగానికి మెరుపుల వేగం సరిపోతే తిరిగే భాగం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. గ్రామఫోన్ పళ్లెం అంచున ఉండే చుక్కలదీ ఇదే లెక్క. 50 హెర్ట్జ్ విద్యుత్తుతో వెలిగే దీపం సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పళ్లేనికి 180 చుక్కలుంటే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు అవి నిలిచి కనిపిస్తాయి. ట్యూబులైటు కింద సీలింగ్ ఫ్యాన్ ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు అనిపించటానికి కారణం కూడా ఈ హెచ్చుతగ్గులే.

కళాకారుల చేతుల్లో పునర్జన్మ

జోయెట్రోప్‌ను పెద్ద స్థాయిలో తిరిగి తెచ్చింది కళాకారులు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో వాడకం మానేసిన మర్టిల్ అవెన్యూ సబ్‌వే స్టేషన్‌లో బిల్ బ్రాండ్ 1980లో మాస్‌ట్రాన్సిస్కోప్‌ను ఏర్పాటు చేశాడు. 228 చిత్రాలు ప్లాట్‌ఫారం వెంట చీలికలున్న గోడ వెనక నిలబడి ఉంటాయి. అక్కడ బొమ్మలు కదలవు, వాటి ముందు నుంచి పోయే రైలు, అందులోని ప్రయాణికులు కదులుతారు. అదే దశాబ్దం నుంచి అమెరికన్ శిల్పి గ్రెగరీ బర్సామియన్ తిరిగే చట్రాల మీద శిల్పాల వరసలు నిలిపి స్ట్రోబ్ దీపాలతో కదిలించటం మొదలుపెట్టాడు. మారే శిల్పాలు, ఆన్‌షుట్జ్ మెరుపు అక్కడ ఒకచోటికి చేరాయి.

జపాన్‌లోని మితాకాలో 2001లో తెరుచుకున్న ఘిబ్లి మ్యూజియంలో టోటోరో కార్టూన్ సినిమా పాత్రలు గెంతే పెద్ద జోయెట్రోప్ ఉంది. దాన్ని చూసి స్ఫూర్తి పొందిన పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ పాత్రలతో తనదైన యంత్రాన్ని చేయించి, 2005 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ప్రదర్శించింది. కంప్యూటర్‌లో మాత్రమే కదిలిన బొమ్మలు కళ్లెదుటి వస్తువులుగా కదలటాన్ని సందర్శకులు అక్కడ చూశారు. ఇలాంటి పనులకు పెద్ద సంస్థల ధనబలమో, ఒక్క శిల్పి ఏళ్ల శ్రమో అవసరమయ్యేది. బొమ్మల వరస చవక కాలేదు.

వరసను అచ్చువేసిన ప్రింటర్

ఆ పరిస్థితిని మార్చింది డిజిటల్ తయారీ. కంప్యూటర్‌లో గీసిన ఆకారాన్ని యంత్రమే నేరుగా వస్తువుగా మలిచే పద్ధతి ఇది. చక్ హల్ 1986లో పేటెంటు పొందిన స్టీరియోలితోగ్రఫీ ద్రవ ప్లాస్టిక్‌ను పొరపొరగా గట్టిపరుస్తుంది. స్కాట్ క్రంప్ పద్ధతి ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర పేరుస్తుంది. దాని మూల పేటెంటు గడువు 2009లో ముగిసింది. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 2005లో మొదలుపెట్టిన రెప్‌రాప్ పథకం అందరికీ అందే ప్రింటర్ల నమూనాలను అప్పటికే ఉచితంగా పంచుతోంది. ఇటలీలోని ఇవ్రియాలో మోటారునూ దీపాన్నీ నడపగల ఆర్డుయినో మైక్రోకంట్రోలర్ బోర్డు పుట్టింది కూడా 2005లోనే.

ఈ పరికరాలన్నిటినీ ఒకే కప్పు కింద సామాన్యులకు అందుబాటులో ఉంచాలన్నది ఎంఐటీ ఆచార్యుడు నీల్ గెర్షెన్‌ఫెల్డ్ ప్రారంభించిన ఫ్యాబ్ ల్యాబ్‌ల ఉద్దేశం. అమెరికా బయట తొలి ల్యాబుల్లో ఒకటి మహారాష్ట్రలోని పాబళ్ గ్రామంలో విజ్ఞాన ఆశ్రమంలో వెలసింది. హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్‌లోనూ ఇదే తరహా యంత్రసామగ్రి ఉంది.

జోయెట్రోప్‌కు దీని ప్రయోజనం సూటిగా ఉంటుంది. కంప్యూటర్‌లో బొమ్మను ఒక్కసారి తయారుచేస్తే చాలు. మొదటి భంగిమ, చివరి భంగిమ నిర్ణయిస్తే మధ్య దశలను సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. మారని భాగం వెంట్రుకవాసి కూడా మారదు. ఇదే లాభాన్ని బొమ్మల సినిమా రంగం కూడా గుర్తించింది. 2009 నాటి కొరలైన్ చిత్రంలో పాత్రల ముఖకవళికలను త్రీడీ ప్రింటర్‌తో అచ్చువేసి ఫ్రేముకొకటి మార్చుతూ వాడారు. బ్రిటిష్ కళాకారుడు మాట్ కొలిషా 2014లో చేసిన ఆల్ థింగ్స్ ఫాల్ పునరుజ్జీవన కాలపు చిత్రకళలోని శిశువధ ఘట్టాన్ని త్రీడీ ప్రింటు బొమ్మల జోయెట్రోప్‌గా మలిచింది.

స్టాన్‌ఫర్డ్‌లో బోధించిన జాన్ ఎడ్‌మార్క్ విడివిడి బొమ్మల అవసరాన్నే తొలగించాడు. 2014 ప్రాంతంలో అతడు రూపొందించిన బ్లూమ్స్ శిల్పాల్లో రేకులు పైనుంచి కిందికి, ఒక్కోటి ముందుదానికి 137.5 డిగ్రీల దూరంలో పేరుకుని ఉంటాయి. పొద్దుతిరుగుడు గింజలు అమరే కోణం ఇదే. శిల్పం 137.5 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక మెరుపు పడితే ప్రతి రేకూ దాని తరవాతి రేకు స్థానంలోకి వచ్చి, శిల్పం మొత్తం విచ్చుకుంటున్నట్టు కనిపిస్తుంది. సెకనుకు 24 మెరుపులైతే శిల్పం నిమిషానికి 550 చుట్లు తిరగాలి. ఇంత కచ్చితమైన కోణాలను చేతితో చెక్కటం దాదాపు అసాధ్యం.

నేటి యంత్రపు అమరిక

చిన్న వర్క్‌షాపులో తయారయ్యే జోయెట్రోప్‌లో నాలుగు భాగాలుంటాయి: పళ్లెం, మోటారు, దీపం, వాటిని కలిపి నడిపే బోర్డు. పళ్లేన్ని లేజర్ కటర్‌తో ఎండీఎఫ్ చెక్కలోగాని యాక్రిలిక్ షీటులోగాని కోస్తారు. బొమ్మలు కూర్చునే రంధ్రాలను కూడా అదే కోతలో వేస్తారు కాబట్టి వాటి మధ్య దూరంలో తేడా రాదు. 12 బొమ్మలైతే ఒక్కోటి 30 డిగ్రీల దూరంలో ఉంటుంది. పళ్లేనికి, వెనకున్న గోడకు నిగనిగ లేని నల్లరంగు పూస్తారు. నిగనిగలాడే తలం కాంతిని తిప్పికొట్టి భ్రమను చెడగొడుతుంది.

మోటారుగా, అడుగడుగుగా తిరిగే స్టెప్పర్ అనువైనది. సాధారణ స్టెప్పర్ ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. 200ను 12తో భాగిస్తే శేషం మిగులుతుంది కాబట్టి మెరుపు ప్రతిసారీ సరైన అడుగుపై పడదు. మోటారుకూ పళ్లేనికీ మధ్య బెల్టు వేసి వేగాన్ని మూడోవంతుకు తగ్గిస్తే పళ్లెం ఒక చుట్టుకు 600 అడుగులవుతాయి. అప్పుడు ప్రతి 50 అడుగులకు ఒక మెరుపు. మామూలు డీసీ మోటారు వాడితే దాని వేగం నిలకడగా ఉండదు. అందుకని పళ్లెం అడుగున అయస్కాంతాలు అతికించి, హాల్ సెన్సార్‌తో వాటి రాకను పసిగట్టి, ఆ సంకేతంపైనే దీపాన్ని వెలిగిస్తారు. పళ్లెం నెమ్మదించినా మెరుపు దానితోపాటే నెమ్మదిస్తుంది.

ఆన్‌షుట్జ్ గొట్టం చేసిన పని ఇప్పుడు ఎల్ఈడీ చేస్తుంది. గ్జినాన్ ఫ్లాష్ గొట్టానికి అధిక వోల్టేజి కావాలి. ఎల్ఈడీకి 12 వోల్టులు, దాన్ని వెలిగించి ఆర్పే ట్రాన్సిస్టర్ రకమైన మాస్‌ఫెట్ ఉంటే చాలు. మెరుపు నిడివిని ఎంచటంలో మాత్రం పాత చిక్కు తిరిగి ఎదురవుతుంది. 30 సెంటీమీటర్ల పళ్లెం సెకనుకు ఒక చుట్టు తిరిగితే అంచు సెకనుకు 94 సెంటీమీటర్లు పోతుంది. మెరుపు సెకనులో వెయ్యోవంతు నిలిస్తే బొమ్మ అంచు మిల్లీమీటరు మేర చెదురుతుంది. నిడివిని సగం చేస్తే చెదరటమూ సగమవుతుంది, వెలుతురూ సగమవుతుంది. వెయ్యోవంతు మెరుపులు సెకనుకు 12 అంటే దీపం వెలిగి ఉండేది మొత్తం సమయంలో 1.2 శాతమే. అందుకే ప్రకాశం ఎక్కువ ఉన్న ఎల్ఈడీలు, చీకటి గది తప్పనిసరి.

మెరుపుల సంఖ్య బొమ్మల రాకతో సరిగ్గా కలవకపోతే వరస జారుతుంది. సెకనుకు 12 బొమ్మలు వస్తుండగా దీపం 12.1 సార్లు మెరిస్తే వరస మొత్తం సెకనుకు 3 డిగ్రీల చొప్పున వెనక్కి జరుగుతుంది. తక్కువసార్లు మెరిస్తే ముందుకు జరుగుతుంది. 13 చీలికల డబ్బాలో పట్టీ చిత్రకారులు బొమ్మల సంఖ్య మార్చి సాధించిన కదలికను ఇప్పుడు బోర్డులోని ఒక అంకెను మార్చి సాధిస్తున్నారు.

కన్ను, మెదడు, జాగ్రత్తలు

ఒక బొమ్మ ముద్ర కంటిలో కాసేపు నిలిచి తరవాతి బొమ్మతో కలవటం వల్లే కదలిక కనిపిస్తుందని 19వ శతాబ్దంలో నమ్మేవారు. కాని ముద్రలు నిలిస్తే బొమ్మలు ఒకదానిపై ఒకటి పడి అలుక్కుపోవాలి గాని కదలకూడదు. రెండు నిశ్చల దృశ్యాల మధ్య కదలికను మెదడే కల్పించుకుంటుందని మాక్స్ వర్తైమర్ 1912లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. అందుకే సెకనుకు 10, 12 బొమ్మలకే కదలిక అర్థమవుతుంది. దీపం మిణుకు తెలియకుండా ఉండాలంటే మాత్రం అంతకన్నా ఎన్నోరెట్లు ఎక్కువ మెరుపులు కావాలి. స్ట్రోబ్ జోయెట్రోప్‌లో కదలిక సాఫీగా ఉన్నా వెలుతురు మిణుకుతూ కనిపించటానికి కారణం ఇదే.

ఈ మిణుకు కొందరికి ప్రమాదకరం. కాంతి మెరుపులకు మూర్ఛ వచ్చే స్వభావం ఉన్నవారిలో సెకనుకు 3 నుంచి 30 దాకా మెరుపులు ఎక్కువ ప్రభావం చూపుతాయి. జోయెట్రోప్ పనిచేసే వేగం సరిగ్గా ఈ పరిధిలోనే ఉంటుంది. బహిరంగ ప్రదర్శనల్లో గది బయటే హెచ్చరిక పలక పెట్టటం, దీపాన్ని సందర్శకుల కళ్లవైపు కాక పళ్లెం వైపు తిప్పి ఉంచటం తప్పనిసరి జాగ్రత్తలు. పళ్లెం ఆగినట్టు కనిపిస్తున్నా నిజానికి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, చేతికందకుండా గాజు తొడుగో కంచో ఉండాలి. ఫ్యాక్టరీల్లో మిణికే దీపాల కింద లేత్ యంత్రాలు ఆగినట్టు కనిపించి కలిగించే ప్రమాదం కూడా ఇలాంటిదే.

దీపం లేకుండా కెమెరాతో చూసే రకాలు కూడా ఇప్పుడు ప్రచారంలో ఉన్నాయి. బొమ్మలు అచ్చువేసిన గ్రామఫోన్ రికార్డు నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంటే, సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోన్‌కు చుట్టుకు 40 బొమ్మలు సరిపోతాయి. 33⅓ చుట్ల వేగానికైతే 54 కావాలి. మామూలు కంటికి అలుక్కుపోయి కనిపించే రికార్డు ఫోన్ తెర మీద కదిలే బొమ్మ అవుతుంది. షట్టర్‌ను తగినంత వేగంగా అమర్చి, పగటి వెలుతురులో తీస్తే చీకటి గది అక్కర్లేదు. చీలిక, మెరుపు, షట్టర్‌లలో ఏది వాడినా పని ఒక్కటే. ఎంపిక వెలుతురు ఎంత ఉంది, చూసేవారు ఎందరు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకరిద్దరికి కెమెరా చాలు, గదినిండా జనం చూడాలంటే స్ట్రోబ్ దీపమే మార్గం.